మా ఆయనకి తోడు వెళ్ళినావిడ

మొన్న మైలవరంలో మా పిన్నిగారి మనవడి గృహప్రవేశానికి వెళుతుంటే కొండపల్లి సెంటర్లో మా కారు ఆగింది. ముందు లారీ ఏదో అడ్డంగా తిరుగుతోంది. ఎడమవైపు కరెంటు స్తంభానికి ఒక ఫ్లెక్సీ కట్టి ఉంది. పైన శ్రద్ధాంజలి అని పెద్ద అక్షరాలు, మధ్యలో నల్ల కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ, కింద బంధుమిత్రుల పాస్‌పోర్టు ఫోటోలు వరసగా. ఆ కళ్ళజోడు కంటి ఆపరేషన్ అయినవాళ్ళకి ఆస్పత్రిలో ఇచ్చే రకం. ముక్కు మీదికి జారి ఉంది. దాని పైనుంచి తల కొంచెం పక్కకి తిప్పి చూస్తున్న ఆ చూపు నాకు బాగా తెలుసు. ఆవిడే.

మా ఆయన ఎడమ కిటికీ పక్కనే కూర్చున్నారు. ఆ ఫ్లెక్సీకీ ఆయనకీ మధ్య ఆరడుగులుంటాయేమో. ఆయన చూడలేదు. ఆయన ఎడమకన్ను పోయి రెండేళ్ళు. ఉన్న కంటితో ఎదురుగా లారీని చూస్తూ "వీడికి రివర్స్ చెయ్యడం రాదు" అంటున్నారు. నేను చూశాను, చెప్పలేదు. లారీ తప్పుకుంది, కారు కదిలింది.

నాలుగు రోజులపాటు చెప్పలేదు. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. మంచి చాలా ఉంది, చెబుతాను. కానీ ఆవిడంటే నాకు పడేది కాదు. కుళ్ళు అనండి, అసూయ అనండి, మీకు ఏ మాట తోస్తే ఆ మాట. ముందే చెప్పేస్తే నాకు కాస్త హాయిగా ఉంటుంది.

నేను భవానీపురంలో ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని. కంటి బొమ్మ బోర్డు మీద ఒక్క చేత్తో వేసి భాగాలన్నీ గుర్తించగలను. మా ఆయనకి ఆటోనగర్లో లారీ బ్రేకు సామాన్ల షాపు ఉండేది. మొదటినుంచీ ఆయనకి మాట తక్కువ. షాపు తమ్ముడికి అప్పగించి ఇంట్లో కూర్చున్నాక మరీ తగ్గింది. కాఫీ కావాలంటే గ్లాసు గట్టు మీద పెట్టి వెళ్ళేవారు.

కళ్ళజోడు నంబరు మార్పించుకుందామని వెళితే గ్లకోమా అని బయటపడింది. పెద్దవాళ్ళు నీటికాసులనేవారు, అదే. కంట్లో ప్రెషర్ పెరిగి వెనకాల నరాన్ని కొంచెం కొంచెంగా తినేస్తుంది. నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. ముందు పక్కచూపు పోతుంది, పోతున్న సంగతి ఆ మనిషికే తెలియదు. పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని నిలబెట్టుకోవడానికి పొద్దున, సాయంత్రం చుక్కల మందు, మూడు నెలలకోసారి ఆస్పత్రి. ఇదంతా మా ఆయనకి కాగితం మీద బొమ్మ వేసి మరీ చెప్పాను. ఆయన బొమ్మని శ్రద్ధగా చూసి, "బానే కనపడుతోందిగా" అన్నారు.

మొదటి రెండుసార్లు నేను వెంట వెళ్ళాను. పొద్దున ఎనిమిదింటికి వెళితే అన్ని గదులూ తిరిగి బయటపడేసరికి సాయంత్రం. ఆ బెంచీ మీద మేమిద్దరం పోట్లాడుకున్నాం. "మందు సరిగ్గా వేసుకుంటున్నారా అని డాక్టరుగారు అడిగితే నిజం చెప్పండి" అంటాను నేను. "నువ్వే చెప్పు, నీకే అన్నీ తెలుసు" అంటారాయన. మూడోసారి రానన్నారు. నాలుగోసారి ఎవరిదో పెళ్ళి అడ్డొచ్చింది. ఆ తర్వాత ఆస్పత్రి చీటీ ఫ్రిజ్ మీద అలాగే ఉండిపోయింది.

కొన్నాళ్ళకి ఒక గురువారం ఆయనంతట ఆయనే స్నానం చేసి, ఫైలు తీసుకుని, "హాస్పిటల్‌కి వెళ్ళొస్తా" అన్నారు. మూడు నెలలకి మళ్ళీ ఒక గురువారం. మళ్ళీ మూడు నెలలకి. చీటీ నేను గుర్తు చెయ్యక్కర్లేకుండా పోయింది. నా పోరు ఇన్నాళ్ళకి ఫలించిందనుకుని, స్కూల్లో నాతో పనిచేసిన టీచర్లందరికీ ఫోన్ చేసి గొప్పగా చెప్పుకున్నాను.

ఒకరోజు పొద్దున్నే గదిలోకి వెళితే ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలన వేలు నొక్కిపెట్టి ఏదో గొణుగుతున్నారు. మా ఆయన దేవుడికి దణ్ణం పెట్టడమే అరుదు, మంత్రమేమిటా అని దగ్గరికెళ్ళి చెవి పెట్టాను.

"కొండపల్లి... ఇబ్రహీంపట్నం... గుంటుపల్లి... గొల్లపూడి... భవానీపురం... కుమ్మరిపాలెం... బస్టాండు" అని కళ్ళు తెరిచారు.

"ఏమిటండీ ఇది?"

"మందు వేసుకున్నాక వేలు నొక్కిపట్టుకోవాలి. లేకపోతే గొంతులోకి దిగిపోతుంది. ఒక్కో స్టాపు దగ్గర జనం ఎక్కేదాకా ఆగి, బస్సు బస్టాండుకి వచ్చేదాకా పట్టుకుంటే సరిపోతుంది."

"ఎవరు చెప్పారు?"

"హాస్పిటల్లో ఒకావిడ."

"ఈ ముక్క నేనెప్పుడో చెప్పానుగా! గడియారం చూసుకుని రెండు నిమిషాలు పట్టుకోమన్నానుగా!"

"కళ్ళు మూసుకుని గడియారం ఎలా చూడను?"

అదీ నిజమే. అందుకే మరీ ఒళ్ళు మండింది. పెళ్ళిరోజు గుర్తుండని మనిషికి ఆ స్టాపులన్నీ వరస తప్పకుండా వచ్చాయి. పైగా ఆ బస్సు మా భవానీపురం మీదుగానే పోతోంది. రోజుకి రెండుసార్లు ఎవరో తెలియని ఒక ఆడమనిషి మా ఇంటి ముందు నుంచి బస్సులో వెళ్ళిపోతున్నట్టు అనిపించేది. నవ్వుకోండి, నాకు మాత్రం నవ్వు రాలేదు.

తర్వాతి గురువారం ఆయన సంచిలో కరివేపాకు పొడి పొట్లం వచ్చింది. ఆవిడకి థర్మల్ స్టేషన్ గేటు దగ్గర మెస్ ఉందట. షిఫ్టు దిగినవాళ్ళు అక్కడే తింటారట. అన్నంలో పొడి, నెయ్యి కలుపుకుని రెండు ముద్దలు తిని మా ఆయన "బాగుంది" అన్నారు. నేనూ కరివేపాకు పొడి చేస్తాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ చేస్తూనే ఉన్నాను. ఆయన తింటారు, చెయ్యి కడుక్కుంటారు, అంతే. ఆ రాత్రి మిగిలిన పొట్లం తీసి పనిమనిషికి ఇచ్చేశాను. ఆ పిల్ల మర్నాడు వచ్చి "ఎక్కడ కొన్నారమ్మా, చాలా బాగుంది" అంది.

ఆయన లేనప్పుడు ఫైలు తీసి చూశాను. తప్పే. ప్రతి గురువారం కాగితం మీదా 'పేషెంటుతో వచ్చినవారు' అనే గడిలో ఒక ఆడపేరు. పక్కన 'సంబంధం' అన్న చోట గుండ్రటి, ఓపికైన అక్షరాలతో 'మనవాళ్ళే' అని. అవి మా ఆయన అక్షరాలు కావు. భార్యనైన నేను వెళ్ళిన రెండుసార్లూ ఆ గడి ఖాళీగా ఉంది. మేం పోట్లాటలో పడి రాయనేలేదు.

సాయంత్రం అడిగేశాను. ఆయన ఏమీ దాచలేదు. దాచాల్సింది ఉందని కూడా ఆయనకి తోచినట్టు లేదు. మొదటి గురువారం ఆ బెంచీ మీదే పరిచయమట. కొన్నిసార్లు మందు వేసి కంటిపాపని పెద్దది చేసి లోపల చూస్తారు. ఆ రోజు నాలుగైదు గంటలు అంతా మసక, ఎండ చూడలేరు, తోడు మనిషి లేనిదే ఆ మందు వెయ్యరు. పక్కచూపు ఎంత మిగిలిందో చూసే ఫీల్డ్ టెస్టు రోజు ఆ మందుతో పని లేదు. ఆవిడ ఇంట్లో అందరూ పనికి పోయేవాళ్ళే. తన కోసం ఒకళ్ళ పని పోగొట్టడం ఆవిడకి ఇష్టం లేదు. అందుకని కౌంటరు అమ్మాయితో మాట్లాడి, తనకి మసక పెట్టే రోజే మా ఆయనకి ఫీల్డ్ టెస్టు పడేట్టు, ఆయనకి మసక రోజైతే తనకి టెస్టు పడేట్టు రాయించుకుంది. ఒకరికొకరు తోడు. ఆవిడ ఆయన్ని భవానీపురంలో దింపి అదే బస్సులో కొండపల్లి పోయేది. ఆవిడకి మసకైన రోజు ఈయన కొండపల్లి దాకా వెళ్ళి దింపి వచ్చేవారు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదుగా" అన్నారు.

తర్వాతి గురువారం నేనూ బయల్దేరాను. ఎందుకని ఆయన అడగలేదు.

ఆవిడ మాకంటే ముందే వచ్చి బెంచీ మీద ఉంది. ఇంచుమించు నా వయసే. పొట్టి మనిషి, నూలు చీర, కొంగు నడుం చుట్టూ తిప్పి దోపి, ఆస్పత్రిలో కూడా వడ్డించడానికి లేచేటట్టు కూర్చుంది. ఫైలు తడవకుండా బియ్యం సంచి కత్తిరించి కుట్టిన కవరులో పెట్టుకుంది. ఎడమ వైపు నుంచి ఎవరు పలకరించినా మొత్తం తల తిప్పి చూసేది. ఆ కన్ను ఎప్పుడో పోయిందట. బానే కనపడుతోందని మందు మానేసిన బాపతే. "ఒక కన్ను నా బద్ధకానికి ఇచ్చేశానండీ. రెండోది ఇవ్వను" అంది నాతో, పరిచయమైన ఐదు నిమిషాలకే, కూరల ధర చెప్పినంత మామూలుగా. ఆస్పత్రికి వచ్చే ముందురోజు మెస్ ముందు పలక మీద 'రేపు భోజనం లేదు, కళ్ళ హాస్పిటల్' అని రాసి పెడుతుందట.

మా ఆయన కూర్చోగానే ఆవిడ చెయ్యి చాపింది. "సారుగారూ, సీసా ఇలా ఇవ్వండి."

ఆయన బుద్ధిగా జేబులోంచి చుక్కల మందు సీసా తీసి ఇచ్చారు. ఆవిడ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు ఊపింది. ఆ బెంచీ మీద ఎవరి సీసా అయినా అలా ఊపి ఎంత వాడారో చెప్పేస్తుందని తర్వాత తెలిసింది.

"ఇది కిందటి నెల మొదలెట్టిందేనా? ఇంకా ఇంత చప్పుడు చెయ్యకూడదే."

మా ఆయన నవ్వారు. తప్పు చేసి దొరికిన పిల్లాడి నవ్వు. "మధ్యలో కొన్నాళ్ళు మానేశానండీ. మూడు రోజుల నుంచి మాత్రం గట్టిగా వేస్తున్నా."

"పరీక్ష ముందు చదివినట్టా? డాక్టరమ్మ ప్రెషర్ చూసి బాగుందంటది, మీరు సంతోషపడి ఇంటికి పోతారు. కన్నుకి మిగతా రోజులు కూడా ఉన్నాయి కదండీ."

"ఇకనుంచి వేస్తానండీ" అన్నారు మా ఆయన.

ఆయన మందు ఎగ్గొడుతున్నారని నాకు తెలియదు. రోజూ సాయంత్రం "వేసుకున్నారా?" అని అడిగేదాన్ని, "ఆఁ" అనేవారు. ఆ "ఆఁ" అబద్ధమని నాకు చెప్పని మనిషి, ఈవిడ సీసా ఊపగానే నిజం చెప్పేశారు. చెప్పి నవ్వారు కూడా. నేను నిలదీస్తే అలా నవ్వేవారా? నిలదీస్తే ఎవరైనా నవ్వుతారా? ఈ ప్రశ్న అప్పుడు వేసుకోలేదు, ఇప్పుడు వేసుకుంటున్నాను.

ఆయన్ని టెస్టుకి పిలిచారు. మేమిద్దరం మిగిలాం. నేను ముప్పై ఏళ్ళు క్లాసులో వాడిన గొంతుతో అన్నాను: "ఇకనుంచి ఆయనకి తోడు నేనే వస్తానులెండి. మీకెందుకు శ్రమ."

"శ్రమేముందమ్మగారూ. నాకూ తోడు కావాలిగా" అంటూ నవ్వబోయి, తల పూర్తిగా నా వైపు తిప్పి చూసింది. ఆ ఒక్క కంటికి నా మొహంలో ఏం కనపడిందో, నవ్వు ఆపేసింది. "మంచిదమ్మా. ఇంటి మనిషి వస్తే అంతకంటే ఏం కావాలి" అంది. మళ్ళీ తనే, "మానిపించకండి మాత్రం. సారుగారు చెప్తే వినే మనిషే. కానీ మనం వదిలేస్తే ఆయనా వదిలేస్తారు" అంది.

మా ఆయన ఎటువంటివారో ఈవిడ నాకు చెప్పాలా! లేచి వెళ్ళి కౌంటరు అమ్మాయిని అడిగి మా రోజు గురువారం నుంచి సోమవారానికి మార్పించుకున్నాను. తిరిగి వచ్చేసరికి ఆవిడ నా చెప్పుల్ని జనం కాళ్ళ కింద పడకుండా బెంచీ కిందికి జరిపి పెడుతోంది. అది చూసి కూడా నా మనసు మెత్తబడలేదు.

మొదటి సోమవారం తీసుకెళ్ళాను. ఆయన బెంచీ మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి పేపరు తెరిచారు. రోజంతా ఒక్క మాట మాట్లాడలేదు. రెండోసారి నాకు మోకాళ్ళ నొప్పులు, ఆస్పత్రి మెట్లు ఎక్కలేనని వాయిదా వేశాను. ఆ తర్వాతది కార్తీకమాసంలో పడింది. కార్తీక సోమవారం నేను నక్షత్రాలు చూసేదాకా పచ్చి గంగ ముట్టను. ఉపవాసంతో రోజంతా అక్కడ కూర్చోలేను. సోమవారం కావాలని అడిగింది నేనే. అడిగినప్పుడు ముందు ముందు వచ్చే కార్తీకం గుర్తులేదు, గురువారం తప్పించాలన్న ఒక్కటే గుర్తుంది. "ఒక్కణ్ణే వెళతాలే" అంటారేమోనని చూశాను. ఆయన అనలేదు. ఇక మా అమ్మాయి పురుడు, పిల్లాడి బారసాల. ఆస్పత్రికి తీసుకెళ్ళకూడదని నేను ఒక్కరోజు కూడా అనుకోలేదు. వచ్చే సోమవారం అనుకుంటూనే ఉన్నాను.

అప్పుడే ఒక మధ్యాహ్నం హాల్లో ఛార్జింగు పెట్టిన ఆయన ఫోన్ మోగింది. తీశాను.

"సారుగారు బాగున్నారాండీ? కౌంటర్లో అడిగితే సోమవారాలు వస్తారన్నారు. సోమవారాలు కూడా రావట్లేదంట. ఒంట్లో బాలేదేమోనని..."

అంటే ఈవిడ మా గురించి వాకబు చేస్తోందన్నమాట. "మేం హైదరాబాదులో చూపిస్తున్నామండీ. అక్కడ పెద్ద హాస్పిటల్. ఇక్కడికి ఇక రాం" అన్నాను.

అటువైపు కాసేపు పళ్ళేల చప్పుడే వినపడింది. "మంచిదమ్మా. అక్కడ మందు మారిస్తే పాత సీసా ఆపెయ్యమనండి, రెండూ కలిపి వేసుకుంటారేమో" అని పెట్టేసింది. నేను ఆ నంబరుని బ్లాక్ చేశాను. ఆ సాయంత్రం సుఖంగా టీవీ చూశాను, అది కూడా చెబుతున్నాను.

ఏడాది పైనే గడిచింది. ఒకరోజు మా ఆయన స్కూటరు మీద సందు మలుపు తిరుగుతూ ఎడమ పక్క నుంచి వస్తున్న అరటిపళ్ళ బండిని గుద్దేశారు. బండి పక్కకి ఒరిగింది, పళ్ళు రోడ్డున పడ్డాయి, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. "బండి ఎక్కణ్ణించి వచ్చిందో తెలీలేదు" అన్నారు ఆయన. బండివాడు "ఇంత బండి కనపళ్ళేదా సార్" అన్నాడు. ఆయన కుడికంటికి చెయ్యి అడ్డం పెట్టి, నా వేళ్ళు ఎన్నో చెప్పమన్నాను. ఆయన చెప్పలేదు. "చెయ్యి ఎక్కడుందో చెప్పండి" అన్నాను. అదీ చెప్పలేదు.

మర్నాడు గురువారమని కూడా చూడకుండా పరిగెత్తాం. ఎడమకన్నులో దాదాపు ఏమీ మిగల్లేదు. డాక్టరమ్మ కాగితాలు తిరగేసి, "ఇన్నాళ్ళూ ఏమయ్యారండీ?" అంది. "ఇంట్లో ఫంక్షన్లండీ" అన్నాను. ఆ గదిలో నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

బయటికి వచ్చేసరికి బెంచీ మీద ఆవిడ. పక్కన గొల్లపూడి నుంచి వచ్చే ఒక పెద్దాయన. కళ్ళలో మందు వేసినట్టున్నారు, ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆవిడ ఆయన ఫైలు కూడా తన బియ్యం సంచి కవరులో పెట్టుకుని పట్టుకుంది. మా ఆయన ఆ పెద్దాయన్నే చూస్తూ నిలబడిపోయారు. మొహం ఇంత చిన్నదైపోయింది. అసూయ ఎలా ఉంటుందో నాకు తెలుసు కనక, చూడగానే పోల్చుకున్నాను.

ఆవిడ మమ్మల్ని చూసి తల తిప్పింది. నేను పారిపోదామనుకున్నాను. "సారుగారూ! హైదరాబాదులో ఏమన్నారండీ?" అంది.

నేను ఆయనకి ఆ అబద్ధం సంగతి చెప్పలేదు. ఇప్పుడు ఆయన "హైదరాబాదేమిటి?" అంటారు, అక్కడితో నా బతుకు బయటపడుతుంది. చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడ్డాను.

మా ఆయన ఒక్క క్షణం కూడా తడబడలేదు. "ఇక్కడే చూపించుకోమన్నారండీ" అన్నారు.

"ఎవరో బుద్ధిమంతులు, మంచి మాట చెప్పారు" అంది ఆవిడ. ఆయన ఎడమ పక్కకి వెళ్ళి నిలబడి, చెయ్యి ఇలా అలా ఆడించి చూసింది. ఆయన కదల్లేదు. ఆవిడ మొహం ఒక్కసారి ముడుచుకుపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని, ఇద్దరం సమానమయ్యేవాళ్ళం. "మిగిలినదాన్ని చూసుకోండమ్మా" అంది నాతో. అంతే, పెద్దాయన్ని లేపి, చెయ్యి పట్టుకుని బస్సుకి తీసుకెళ్ళిపోయింది.

ఆవిడని చూడడం అదే ఆఖరు. ఎందుకంటే ఆ తర్వాత కూడా నేను సోమవారాలే ఉంచాను. కన్ను పోయినా కుళ్ళు పోలేదన్నమాట.

హైదరాబాదు సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఒక ఏడాది సోమవారాలు సక్రమంగా జరిగాయి. తర్వాత ఆయన మళ్ళీ మొదలుపెట్టారు. "ఉన్నది ఉంటుంది, పోయేది పోతుంది" అని. వరసగా రెండుసార్లు ఎగ్గొట్టారు. రెండుసార్లూ నేను ఇల్లెగిరిపోయేలా పోట్లాడాను. కాసేపటికి వంటింట్లో పని ఉంటుంది, సీరియల్ వస్తుంది, ఆ పూట గడిచిపోతుంది. ఇప్పుడున్నది ఒక్క కన్ను.

ఇవాళ పొద్దున ఆయన వరండాలో పేపరు మొహానికి దగ్గరగా పెట్టుకుని చదువుతున్నారు. ఇక దాచలేకపోయాను.

"ఆ కొండపల్లి ఆవిడ పోయిందండీ. దారిలో ఫ్లెక్సీ చూశాను."

ఆయన పేపరు మడిచారు. "ఎప్పుడట?" అన్నారు.

"పదిహేను రోజులైనట్టుంది." పనిలో పనిగా అదీ చెప్పేశాను. "ఆవిడ ఫోన్ చేసినప్పుడు హైదరాబాదని అబద్ధం చెప్పింది నేనే. నంబరు బ్లాక్ చేసిందీ నేనే."

"తెలుసు. నువ్వు మాట్లాడేటప్పుడు ఇక్కడే ఉన్నాను."

"తెలిసి ఎందుకు ఊరుకున్నారు? నన్ను నిలదియ్యొచ్చుగా! మీరే వెళ్ళొచ్చుగా! నాకు బాధేస్తుందనా?"

"నీ కోసమే వెళ్ళలేదంటే వినడానికి బాగుంటుంది" అన్నారు. "అది నిజం కాదు. నాకే వెళ్ళబుద్ధి కాలేదు. వెళితే ఇంకొంచెం పోయిందని చెబుతారు, అది వినాలి. నువ్వో వంక చూపించావు, నేను పట్టుకున్నాను."

"నేనెంత పోరాను! ఎన్నిసార్లు పోట్లాడాను!"

"పోట్లాడతావు. తర్వాత ఊరుకుంటావు. ఆవిడ పోట్లాడేది కాదు. ఊరుకునేదీ కాదు."

ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన నా గురించి చెప్పిన అతి పెద్ద మాట అది. అందులో కూడా సగం ఆవిడే ఉంది. చచ్చిపోయిన మనిషి మీద నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. ఏడుపు కూడా వచ్చింది, రెండూ ఒకేసారి.

లోపలికెళ్ళి ఆయన చొక్కా తీసుకుని వచ్చాను. కుర్చీ పక్కన నిలబడ్డాను.

"ఇవాళ మన రోజు కాదు" అన్నారు. నేను మాట్లాడలేదు.

"చీటీ ఎక్కడుందో" అన్నారు. మాట్లాడలేదు. నోటిదాకా వచ్చిన మాటలన్నీ మింగాను. అదెంత కష్టమో నాకే తెలుసు. ఆయన పేపరు విప్పారు, మళ్ళీ మడిచారు. పొయ్యి మీద పప్పు మాడుతున్న వాసన వస్తోంది. వెళ్ళలేదు. మోకాళ్ళు సలుపుతున్నాయి. కూర్చోలేదు.

చివరికి ఆయన లేచి చొక్కా అందుకున్నారు.

ఆవిడైతే అంతసేపు నిలబడాల్సి వచ్చేది కాదు.